నడుంలోతు నీళ్లు

అప్పటికి నాలుగు రోజులుగా మా ఇంట్లో మట్టల గొడవ నడుస్తోంది. మా అత్తగారు షెల్బియా ఖర్జూరపు తోట గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేయించుకుని కూర్చుంది. మా ఆయన లజ్‌హర్ చేత్తో కొడవలి పట్టుకుని ఎండలో నిలబడ్డాడు. చెట్టుకి పది మట్టలు కోసుకుంటానని మొదలుపెట్టినవాడు ఆ వేళకి ఆరు మట్టలకి దిగాడు. ఆవిడ ఒక్కదానికి కూడా దిగలేదు.

"మట్ట కోస్తే మళ్లీ వస్తుంది ఉమ్మీ," అన్నాడు.

"నీ నెత్తి మీద వచ్చిందా?" అంది ఆవిడ.

మా అమ్మాయి ఉల్‌ఫా నవ్వాపుకోలేక ఇంట్లోకి వెళ్లిపోయింది. లజ్‌హర్ బట్టతల మీది ఎర్ర టోపీ సర్దుకున్నాడు. నేను నవ్వలేదు. ఆ గొడవ రాజేసింది నేనే.

ఆదివారం బార్లీ కడుగుతూ ఆవిడ చెవిన ఒక మాట వేశాను. సముద్రం వైపు వరసలో చెట్ల మొవ్వులు పసుపెక్కుతున్నాయనీ, ఈ ఏడు మట్టలు కోస్తే అవి వసంతం దాకా నిలవవనీ చెప్పాను. అందులో అబద్ధం లేదు. కానీ నేను చెప్పింది చెట్ల కోసం కాదు. మట్టలు లేకపోతే దడి లేదు. దడి లేకపోతే ఆయన నీళ్లలో దిగడు. నాకు కావలసింది అంతే.

మా కెర్కెన్నా దీవుల్లో నేలకి ఉన్నట్టే సముద్రానికీ వాటాలున్నాయి. పాటు తీసేటప్పుడు చేపలు ఏ దారిన సముద్రంలోకి మళ్లుతాయో చూసి, ఆ దారికి అడ్డంగా ఇసుకలో ఖర్జూరపు మట్టలు వరసగా గుచ్చి దడి కడతారు. చేప ఆ దడి వెంటే పోయి పోయి చివరనున్న బుట్టలో పడుతుంది. దాన్ని షర్ఫియా అంటాం. వేసవిలో తీసేసి, అక్టోబరులో మళ్లీ గుచ్చుతాం. ఆ దడి చోటు తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. అయితే వరసగా మూడేళ్లు ఒక్క మట్ట కూడా నిలబడని చోటు ఇక ఆ ఇంటిది కాదు. ఎక్కడా రాసి లేదు గాని ఊళ్లో ఆ సంగతి మరిచిపోయినవాళ్లూ లేరు. ఖాళీ చోటు కనిపిస్తే అవతలి ఒడ్డు నుంచి లాగుడు వలల పడవలు వచ్చి అడుగు వరకూ ఊడ్చుకుపోతాయి.

మాకిది మూడో ఏడు.

మొదటి ఏడు నీలి పీతల వల్ల మానేశాం. ఏ దేశం నుంచి వచ్చాయో ఏమో, బుట్టలు కొరికి లోపలి చేపల్ని సగం తినేసి మిగతా సగం మాకు వదిలేవి. రెండో ఏడు లజ్‌హర్‌కి నడుం పట్టేసింది. ఊరంతా అదే అనుకుంది. మా అత్తగారు కూడా నెల రోజులు ఆయన నడుముకి ఆలివ్ నూనె కాచి మర్దనా చేసింది. ఆయన బోర్లా పడుకుని మూలుగుతూ చేయించుకున్నాడు.

అసలు జరిగింది నాకు తెలుసు. నిరుడు అక్టోబరులో ఒక పొద్దున పెరట్లో తీగ మీద ఆక్టోపస్‌లు ఆరేస్తుంటే ఆయన వెనక గుమ్మంలోంచి వచ్చాడు. టోపీ తడిసి ఉంది. మా మగవాళ్ల బట్టలు తడవడం వింత కాదు, టోపీ తడవడం వింత. మా సీదీ ఖలఫ్ అఖాతంలో ఒడ్డు నుంచి అరగంట నడిచినా నీళ్లు నడుము దాటవు. అందుకే ఇక్కడ ఎవరూ ఈత నేర్చుకోలేదు. లజ్‌హర్ తాతకి రాదు, తండ్రికి రాదు, ఆయనకీ రాదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన టోపీ మీద నీటిచుక్క పడటం వానాకాలంలో తప్ప నేను చూడలేదు. ఆయన వంటింటి గడప మీద కూర్చుని చాలాసేపు దగ్గాడు. తరవాత చెప్పాడు.

మా దడి చోటు పట్టుకోవడానికి ఒక లెక్క ఉంది. సీదీ ఖలఫ్ సమాధి గుమ్మటమూ, ఒడ్డున ఫ్రెంచివాళ్లు కట్టిన పాత సుంకం కచేరీ పొగగొట్టమూ ఒకదాని వెనక ఒకటి వచ్చేలా చూసుకుంటూ వెనక్కి నడవాలి. అంతకు ముందు చలికాలం తుఫానులో కచేరీ సగం కూలింది, పొగగొట్టం పోయింది. ఇంకా నిలబడి ఉన్న గోడనే గురుతు పెట్టుకుని ఆయన నడిచాడు. ఆ గోడ ముప్పై అడుగులు పక్కన ఉంది. అలా నడుస్తూ కాలువ అంచు మీంచి పడిపోయాడు. ఒక పాత కొయ్య చేతికి దొరకబట్టి బతికాడు.

ఆ కాలువ కూడా ఫ్రెంచివాళ్లదే. లజ్‌హర్ తాత సాలెం కుర్రతనంలో మా దడి అఖాతం నడిమధ్యన ఉండేదట. చేపలు గుంపులుగా నడిచే దారి అది. స్పాంజీల కోసం వచ్చే పెద్ద పడవలకి దారి కావాలని ఫ్రెంచివాళ్లు సరిగ్గా అక్కడే తవ్వించారు. మావాళ్ల చేతే, మావాళ్ల గంపలతోనే. బదులుగా ఒక దొర పడవలో నిలబడి, బూటు తడవకుండా, తూర్పు వైపు వేలు చూపించి ఇకనుంచి నీ చోటు అది అన్నాడట. కర్ర దింపి చూసి, సమాధి మెట్ల నుంచి ఇన్ని మీటర్లు, లోతు ఒక మీటరు అని రాసి ముద్ర వేసి ఇచ్చాడు. ఆ కాగితం మా బిస్కెట్ల డబ్బాలో ఇంకా ఉంది.

తరవాత స్పాంజీలకి తెగులొచ్చి పోయాయి, వాటి వెనకే పడవలూ పోయాయి, చివరికి ఫ్రెంచివాళ్లూ పోయారు. కాలువ పోలేదు. దాన్ని చూసేవాడు లేక అంచులు విరిగి పడుతున్నాయి. అడుగున ఇసుకని పట్టి ఉంచిన గడ్డిని లాగుడు వలలు పీకేశాయి. ఏటా ఆ అంచు మా దడి వైపు జరుగుతోంది. ఎంత జరిగిందో ఎవరికీ తెలియదు.

ఎవరికీ చెప్పనని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నాడు. లజ్‌హర్ నీళ్లకి జడిశాడని తెలిస్తే ఊళ్లో తలెత్తుకోలేనన్నాడు. నేను ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. ఏడాది పాటు ఆయన ఇంటికి వచ్చినప్పుడల్లా ముందు టోపీ చూశాను.

నేను పన్నిన మట్టల ఉపాయం బుధవారంతో ముగిసింది. లజ్‌హర్ కొడవలి గోడకి ఆనించేసి, తల్లి చెట్ల జోలికి పోననీ, అవతలి ఒడ్డున స్ఫాక్స్ నుంచి లారీ మట్టలు తెప్పిస్తాననీ చెప్పాడు. ఆయన పినతండ్రి కొడుకు ఫెత్‌హీ సోమవారం ఓడలో లారీ ఎక్కించి తెస్తానన్నాడట. మా అత్తగారు గెలిచానని సంతోషించింది. మట్టలు వస్తే ఆయన నీళ్లలో దిగుతాడు.

గురువారం పొద్దున ఆయన బిస్కెట్ల డబ్బా తీశాడు. పొగగొట్టం లేదు కాబట్టి ఈసారి కాగితంలో ఉన్న మీటర్ల ప్రకారం సమాధి మెట్ల నుంచి కొలుచుకుంటానన్నాడు. ఉల్‌ఫా బడిపంతులమ్మ, ఆ వారం సెలవులు. ఫోనులో దిక్కు చూసి చెప్పమని దాన్ని తీసుకెళ్లాడు, దూరం తాను అడుగుల్లో లెక్కపెట్టుకుంటానన్నాడు. నేను పాత గవ్వల కొంకి భుజాన వేసుకుని వెనకాల బయలుదేరాను. అఖాతంలో ఆడవాళ్లు గవ్వలు ఏరడం మానేసి నాలుగేళ్లయింది, ఏరడానికి లేవు కూడా. ఉల్‌ఫా నా వైపు, కొంకి వైపు చూసింది.

ఉల్‌ఫా సమాధి మెట్ల మీద నిలబడి చున్నీ ఊపుతోంది. ఎడమకి ఊపితే తండ్రి ఎడమకి జరగాలి. తిన్నగా ఎత్తితే ముందుకి పోవాలి. ఆయన భుజాన గుంజ, చొక్కా జేబులో ప్లాస్టిక్ సంచిలో చుట్టిన కాగితం. నేను పది బారల వెనక ఉన్నాను.

పెళ్లికి ముందు పదేళ్లు నేను ఈ నీళ్లలో గవ్వలు ఏరాను. కళ్లు మూసుకున్నా ఇక్కడ గడ్డి, ఇక్కడ ఇసుక, ఇక్కడ బురద అని పాదాలే చెప్పేవి. ఆ రోజు నా పాదాలకి ఏమీ తెలియలేదు. గడ్డి ఎక్కడా లేదు. నానిన పిండిలాంటిది జారుతూ వేళ్ల మధ్యకి వస్తోంది. నీళ్లు ఆయన నడుము దాటాయి, తరవాత జేబు దాటాయి. ఆయన కాగితం తీసి టోపీ కింద పెట్టుకున్నాడు.

"చాలు, అక్కడే గుచ్చు," అన్నాను.

"ఇంకా అరవై మీటర్లుంది."

"రాసినవాడు నీళ్లలో దిగి రాయలేదు."

"మా నాన్న నలభై ఏళ్లు ఇక్కడే నడిచాడు," అన్నాడు వెనక్కి తిరగకుండానే.

నీళ్లు ఆయన మెడ కింది ఎముక దాకా వచ్చాయి. నేను పొట్టిదాన్ని, నాకు గడ్డం దాకా వచ్చాయి. ఆగిపోయాను. ఒడ్డున ఉల్‌ఫా చున్నీ తిన్నగా ఎత్తింది. ఆయన ఒక కాలు ముందుకి చాపి అడుగు వెతుకుతున్నాడు. దీపం లేని ఇంట్లో మెట్టు కోసం వెతికినట్టు వెతుకుతున్నాడు. ఎంతసేపటికీ ఆ కాలు దిగలేదు. గుంజ దించి చూశాడు. అది నీళ్లలోకి పోతూనే ఉంది, పిడికిలి మునిగే దాకా పోయింది. నాకు ఆయన వీపు మాత్రమే కనిపిస్తోంది. పిలిస్తే ఉలిక్కిపడి ముందుకి పడతాడేమోనని పిలవలేదు.

అంతలో పక్కన మోటారు ఆగిన చప్పుడు. ఫెత్‌హీ పడవలో నిలబడి ఉన్నాడు.

"ఏం లజ్‌హర్, టోపీకి స్నానం చేయిస్తున్నావా? సబ్బు అందించడానికి వదినని కూడా తెచ్చుకున్నావే."

లజ్‌హర్ నవ్వాడు. నవ్వుతూనే పడవ అంచు పట్టుకున్నాడు. ఆయన వేళ్ల కణుపులు తెల్లబడటం నేను చూశాను. దడికి కొలుస్తున్నామన్నాడు.

కొలిచేదేముంది అన్నాడు ఫెత్‌హీ. నిన్న పొద్దున లాగుడు పడవ సరిగ్గా ఇక్కణ్నించే పోవడం తన కళ్లతో చూశాడట, పడవ పోయేంత లోతుందట. దడి గుచ్చాలంటే పడవ మీంచి గుచ్చుకోవాల్సిందే, కావాలంటే తానూ ఒక చెయ్యి వేస్తానన్నాడు. లజ్‌హర్ ఒప్పుకోలేదు. మట్టని చేత్తో గుచ్చి మడమతో తొక్కాలి, తొక్కని మట్ట మొదటి పోటుకే లేచిపోతుంది. అది ఫెత్‌హీకీ తెలుసు. ఇద్దరం పడవెక్కాం. దిగేటప్పుడు లజ్‌హర్, లారీ సోమవారానికే కదా అని మళ్లీ అడిగాడు.

ఇంటికి వచ్చి తడి బట్టలు మార్చుకుని నేను తిన్నగా తోటలోకి వెళ్లాను. మా అత్తగారు రాలిన ఖర్జూరాలు ఏరి ఒళ్లో వేసుకుంటోంది. పండు ఏటికేడాది చిన్నదవుతోంది, నమిలితే చివర ఉప్పగా తగులుతుంది. ఆవిడకి తోట అంటే నలభై ఒక్క చెట్లు. పచ్చగా ఉన్నవి పంతొమ్మిదే. మిగతావి కింది తోటలో ఉన్నాయంటుంది. పదిహేనేళ్లలో కింది తోట నాలుగు వరసలూ సముద్రంలోకి పోయాయి. మొండేలు మాత్రం నిలబడి ఉన్నాయి, పోటు వేళ వాటి చుట్టూ మోకాలు దాటి నీళ్లుంటాయి. ఆవిడ మాత్రం నీళ్లొచ్చాయి, అవే పోతాయి అంటుంది. ఏటా ఎవరో ఒకరి చేత అక్కడ రాళ్ల గట్టు వేయిస్తుంది. ఏటా అది పోతుంది. ఆవిడ ఎదురుగా కింది తోటని సముద్రం అన్నవాళ్లు మా ఇంట్లో లేరు.

ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"లల్లా, మట్టల మాట మీకు చెట్ల కోసం చెప్పలేదు నేను."

అంతా చెప్పేశాను. టోపీ సంగతి, నడుం నొప్పి సంగతి, ఆ పొద్దున సంగతి. ఆవిడ చేతిలో పండు చేతిలోనే ఉండిపోయింది.

"ఇవాళ ఎక్కడిదాకా వచ్చాయి నీళ్లు?"

నా మెడ కింది ఎముక మీద చెయ్యి పెట్టి చూపించాను.

"ముందు అడుగు?"

"దొరకలేదు లల్లా."

"ఏడాది దాచావు."

"ఒట్టు వేయించుకున్నాడు."

"ఒట్టు తప్పితే నిన్ను పైనున్నవాడు అడుగుతాడు, అదీ ఎప్పుడో. వాడు పోయుంటే నేను అడిగేదాన్ని, రోజూ." నూనె మర్దనా గుర్తొచ్చినట్టుంది, తన అరచేతులు తిప్పి చూసుకుంది. "నడుమట, నడుము. వెధవ." తరవాత నన్ను పొమ్మంది.

శుక్రవారం పొద్దున వంటింటి కిటికీలోంచి చూస్తే గుమ్మం దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. ఆవిడ కింది తోటలో ఉంది. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి గౌను అంచులు నడుముకి దోపుకుని, కర్ర పట్టుకుని, మోకాళ్లలోతు నీళ్లలో ఒక మొండెం దగ్గర్నుంచి ఇంకో మొండెం దగ్గరికి నడుస్తోంది. ఉల్‌ఫా పరిగెత్తింది. అయిదు నిమిషాల్లో తిట్లు తిని తిరిగొచ్చింది.

"రానంటోంది. చేపలు బెదురుతాయి, పో అంది," అని చెప్పింది.

పాటు తీస్తోంది. ఆవిడ మూడో వరసలో ఒక మొండేనికి ఆనుకుని, నీళ్లలోకి చూస్తూ గంట సేపు అలాగే నిలబడింది. నేను కిటికీ వదల్లేదు. పొయ్యి మీద కుస్‌కుస్ రవ్వ అడుగంటింది.

మధ్యాహ్నం భోజనానికి ఫెత్‌హీని కూడా పిలవమంది. శుక్రవారం కాబట్టి ఎండబెట్టిన ఆక్టోపస్ వేసి బార్లీ కుస్‌కుస్ చేశాను. అయిదుగురం ఒకే పళ్లెం చుట్టూ కూర్చున్నాం. లజ్‌హర్ నా వైపు చూడటం లేదు. నిన్నటి నుంచి ఆయనకి ఏదో అనుమానంగా ఉంది. అడుగంటిన వాసన అందరికీ తెలుస్తోంది. ఫెత్‌హీ ఒక్కడే, వదిన వంటలో ఈసారి పొగ కూడా వేసిందన్నాడు. ఎవరూ నవ్వలేదు. లారీకి ఏ పూట ఓడ దొరుకుతుందో లజ్‌హర్ అడగబోయాడు. ఫెత్‌హీ గరిటె వైపు చూస్తూ, పెద్దమ్మనే అడుగు అన్నాడు.

మా అత్తగారు తన వైపు భాగం తినేసి, నీళ్లు తాగి, చెయ్యి తుడుచుకుంది.

"లారీ వద్దని నేనే చెప్పాను," అంది. గొంతు పెంచలేదు. "మట్టలు మన తోటలోవే కోయండి. ముందు వరస చెట్లు ఎలాగూ బతకవు, వాటికి మొత్తం తీసేయండి. దడి కింది తోటలో గుచ్చండి."

లజ్‌హర్ చెయ్యి పళ్లెంలోనే ఆగింది. "అది తోట కదా ఉమ్మీ."

"సముద్రం," అంది ఆవిడ.

ఉల్‌ఫా నా మోకాలు పట్టుకుంది.

"పొద్దున చూశాను. పాటు తీస్తుంటే మూడో వరస మొండేల మధ్య నుంచి చేపలు మళ్లుతున్నాయి. నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. అడుగు గట్టిగా ఉంది, మీ నాన్న గాడిద మీద మోసి పోసిన మట్టి అది. దాని మీద నీళ్లుంటే నీళ్లూ మనవే."

"తాత చోటు పోతుంది. ఇది మూడో ఏడు."

"పోనీ. తాత చోటు కాలువలో ఎప్పుడో పోయింది. నువ్వు పట్టుకు తిరుగుతున్నది దొర వేలు చూపించిన చోటు."

లాగుడు పడవలు ఆ పాత చోట చేరతాయని ఫెత్‌హీ మెల్లిగా అన్నాడు. చేరతాయి అంది ఆవిడ. కొన్నాళ్లకి కింది తోట కూడా లోతవుతుందేమో మీమా అని ఉల్‌ఫా నానమ్మని అడిగింది. దానికీ అవుతుందనే అంది. ఎన్నాళ్లకని అడిగితే, అది తనకి తెలిస్తే గట్టుకి ఇన్ని రాళ్లు మోయించేది కాదంది.

లజ్‌హర్ తల్లి ముఖంలోకి చూశాడు. తరవాత నా ముఖంలోకి చూశాడు. ఆవిడకి అంతా తెలుసునని ఆయనకి అర్థమైంది. ఫెత్‌హీ ముందు ఆవిడ కావాలనే ఆ మాట ఎత్తలేదనీ అర్థమైంది. నేను తల దించుకున్నాను.

"రేపు పొద్దున కోత మొదలుపెట్టండి," అంది ఆవిడ లేవడానికి ఉల్‌ఫా భుజం పట్టుకుంటూ. "ఊళ్లో ఎవరైనా అడిగితే, ముసల్ది మొండికేసిందని చెప్పు."